నీలిపిడుగు పళ్ళు

ఆ పళ్ళ డాక్టరుకి ఉన్న జబ్బు ఒక్కటే. నోరు తెరుచుకుని ఉన్న మనిషి దొరికితే చాలు, వాదన వేసుకుంటాడు. నోరు మూసుకున్నవాళ్ళతో ఆయన పేచీ పడగా చూసినవాళ్ళు లేరు. వీధిలో ఎదురైతే తలొంచుకుని పక్కకి తప్పుకునే రకం. అదే మనిషి, మీరు కుర్చీలో వెల్లకిలా పడుకుని, బుగ్గలో దూది, నాలుక కింద గొట్టం పెట్టించుకున్నాక చూడాలి. గొంతు ఆసుపత్రి కప్పు లేపేస్తుంది.

వాదనకి విషయం కూడా ఒక్కటే. బొమ్మల పుస్తకాల్లోని వీరుల్ని సినిమావాళ్ళు మార్చడం. ఆయన గది గోడల నిండా నీలిపిడుగు బొమ్మలే. చిన్నప్పుడు అందరూ పాఠాల పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన వీరుడు. నీలం దుస్తులు, వాటి మీద ఎర్ర చెడ్డీ, ముఖం నిండా నవ్వు.

ఆ కుర్చీలోంచి లేచినవాళ్ళు పన్ను పోయిందని బాధపడరు. జవాబు చెప్పలేకపోయామని ఉడికిపోతారు. ఒక ప్లీడరైతే జవాబు చెప్పి తీరాలని మర్నాడు పనిగట్టుకుని వెళ్ళాడు. "ఏదీ, నోరు తెరవండి" అన్నాడు డాక్టరు. పాపం, తెరిచాడు. పుచ్చిన ఇంకో పన్నుకి సిమెంటు పెట్టించుకుని, జవాబు కడుపులోనే ఉంచుకుని ఇంటికొచ్చాడు.

అలాంటి డాక్టరు చేతికి చిక్కాడు మన సినిమా రచయిత. కాలేజీ సగంలో వదిలేసి కథల మీద పడ్డ కుర్రాడు. అదృష్టం తన్నుకొచ్చి నీలిపిడుగు సినిమాకే రాసే పని దొరికింది. దొరకగానే వీరుడి చెడ్డీ తీసేశాడు. నల్లతోలు కోటు తొడిగాడు. వీరుడి చిన్నతనంలోనే వాడి అమ్మానాన్నల్ని చంపేశాడు. ఏ సీను చూసినా వాన. నీలిపిడుగు నవ్వు మాత్రం ఎక్కడా లేదు.

వారంలో నిర్మాతకి కథ చెప్పాలి. కథ నచ్చకపోతే ఇంకొకడి చేత రాయిస్తాడు. సరిగ్గా అప్పుడే జ్ఞానదంతం వాచి దవడ బిగుసుకుపోయింది. మనవాడికి పళ్ళ కుర్చీ అంటే ప్రాణభయం. ఒకసారి మెడలో కట్టిన గుడ్డతో సహా పారిపోయి బస్సెక్కిన చరిత్ర ఉంది.

"ఏరా, లోకాన్ని కాపాడేవాడి కథ రాస్తావు, పన్ను పీకించుకోమంటే ఏడుస్తావా?" అంది అక్క.

"అది కాదే, వాపు తగ్గింది."

"మరి ఆ బుగ్గలో ఉన్నదేంటి, నిమ్మకాయా?"

"రేపెళ్దాంలే."

"నిర్మాతకి కథెలా చెప్తావు మరి? సైగలు చేస్తావా? నడువు!"

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. కుర్చీలో పడుకున్నా మనవాడి కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. సూది పడింది, బుగ్గ మొద్దుబారింది, కాళ్ళు మాత్రం పరుగుకి సిద్ధంగా ఉన్నాయి. ముక్కుకి గుడ్డ కట్టుకున్న డాక్టరు వంగాడు.

"కొత్త నీలిపిడుగు రాస్తున్నది మీరేనటగా?"

"ఊఁ."

"వాడి నవ్వేం చేశారు?"

"ఆఁ?"

"అదిగో, గోడ మీద చూడండి. పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. మీ సినిమాలో ఒక్కటీ కనిపించదట. ఉన్నాయా, ఊడిపోయాయా?"

"ఆఆ గ్గా..."

"కాలం మారిందంటారు. ఇప్పటి జనానికి గాయపడ్డ వీరుడు కావాలంటారు. అంతేగా?"

"ఆఁ! ఆఁ!"

"గాయమైతే మూతి ముడుచుకోవాలా? మా ఇంటికి చుట్టంగా రానిస్తానా అలాంటివాణ్ణి?"

రచయితకి ఒళ్ళు మండిపోయింది. దీనికి తన దగ్గర బ్రహ్మాండమైన జవాబుంది. నవ్వుతూ ఎగిరేవాణ్ణి ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారు? చూసేవాడు తన దిగులు వాడిలో చూసుకోవాలి కదా! మాటలు పేర్చుకుంటూ చేతులు ఊపాడు.

"చేతులు దించండి. ఇక చెడ్డీ సంగతి. ఎవరినడిగి తీశారు?"

"గ్గాఆఆ!"

ఎక్కడో కటుక్కుమంది. తన ఓర్పే తెగిందనుకున్నాడు. పళ్ళెంలో టక్కుమని పడింది చూస్తే, పన్ను!

"అయిపోయింది. దూది కరిచిపట్టుకోండి. మాట్లాడకూడదు."

కుతకుతలాడుతూ బయటికొచ్చాడు. "నొప్పేసిందా?" అని అక్క అడిగేదాకా ఆ సంగతే గుర్తులేదు.

అతని తర్వాత లోపలికెళ్ళినవాడు లారీ డ్రైవరు. కొండంత మనిషి, గజగజ వణుకుతూ వెళ్ళాడు. ఇందాకంతా బయట బల్ల మీద కూర్చుని, అక్క కొత్త కథ చెప్తే విని, "నీలిపిడుగంటే పాతవాడేనమ్మా, సినిమావాడు చావింటికొచ్చినట్టుంటాడు" అని అక్కతో ధైర్యం కోసం ఏదో వాగుతూ ఉన్నవాడు. కాసేపట్లో లోపల్నుంచి డాక్టరు గొంతు లేచింది.

"నవ్వుతూ ఎగిరేవాణ్ణి ఎవరు నమ్ముతారయ్యా? చెడ్డీ ఎక్కడ వేసుకోవాలో తెలియనివాడు ఊరినేం కాపాడతాడు? ఆ కొత్త కుర్రాడు నల్లకోటు వేశాడట, భేష్!"

"ఆఆఆ!" అని డ్రైవరు గర్జించాడు.

రచయిత దిగ్గున లేచాడు. అది తన జవాబు! తను చెప్పలేకపోయిన జవాబు!

అక్క చొక్కా పట్టి లాగింది. "కూర్చోరా. మొన్న నా పన్ను తీయించుకోవడానికొచ్చి ఈ బల్ల మీదే నీ కథ గొప్పగా చెప్పుకున్నాను, లోపల దాన్నే ఏకిపారేశాడు. నా తమ్ముణ్ణంటాడా అని ఇంటికొచ్చేదాకా ఉడికిపోయాను. నొప్పి సంగతి గుర్తొచ్చేసరికి అది కాస్తా తగ్గిపోయింది. ఆ తలుపు ఎందుకు ఓరగా ఉంచుతాడనుకున్నావు? ఎవరికి ఏమంటే మండుతుందో బయట మాటలు విని, లోపల అదే అంటాడు. కోపం మీదున్నవాడికి భయపడే తీరికెక్కడిదిరా?"

రచయిత తలుపు సందులోంచి చూశాడు. డాక్టరు నోరు వీధంతా వినబడుతోంది. చేతులు మాత్రం పసిపిల్లకి గోళ్ళు తీస్తున్నంత మెల్లగా కదులుతున్నాయి. మనవాడికి నవ్వాగలేదు. దూది ఎగిరి అక్క ఒళ్ళో పడింది.

వారం తిరిగేసరికి నిర్మాత ముందు కూర్చుని మొదటి సీను చెప్పాడు. కూలిన ఇంట్లోంచి ఒక పాపని తీస్తూ నీలిపిడుగు నవ్వుతాడు.

"నవ్వుతాడా? మరి గాయమో?" అన్నాడు నిర్మాత.

"ఉంటుందండీ. అయితే మూతి ముడుచుకుని వెళ్తే ఆ పిల్ల ఇంకా హడలిపోతుంది. అందుకని నవ్వుతాడు."

నిర్మాత గడ్డం గోక్కున్నాడు. "బాగుందోయ్. అలాగే కానీ." మళ్ళీ అనుమానంగా ముందుకి వంగాడు. "మరి చెడ్డీ?"

"లోపలే ఉంటుందండీ."

"హమ్మయ్య!"

కుట్లు విప్పించుకోవడానికి ఈసారి అక్క లేకుండానే వెళ్ళాడు. తనంతట తనే కుర్చీ ఎక్కాడు.

"డాక్టరుగారూ, ఒక్క మాట నిజం చెప్పండి. మీకు ఇష్టం పాతవాడా, కొత్తవాడా?"

డాక్టరు ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు. పైన కళ్ళు మాత్రం మిలమిలలాడాయి.

"నోరు తెరవండి, చెప్తాను."