తొమ్మిది లేని గోడ

ఆయన్ని వీధిలో అందరూ పానా తాత అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గాని, చదివే ఓపిక ఎవరికీ లేదు. స్కూటర్లు, మోపెడ్లు, మరీ బతిమాలితే మిక్సీలు బాగుచేస్తాడు. మూడో తరగతిలో ఉండగా బడి సైకిలు పంపు విప్పి, మళ్ళీ బిగించలేకపోయాడు. హెడ్మాస్టరు చెవి మెలిపెట్టాడు. పిల్లవాడు బడి మానేసి పంపు బిగించడం నేర్చుకున్నాడు. ఆ పంపు ఇప్పటికీ షెడ్డు మూలన ఉంది, గాలి కొడుతూనే ఉంది.

మాటలంటే ఆయనకు పడదు. ఎవరైనా షెడ్డు ముందు నిలబడి ఇంజను గురించి ఉపన్యాసం మొదలుపెడితే, చేతిలో గుడ్డ పెట్టి, "ముందు ఆ ప్లగ్గు తుడవండి, తర్వాత మాట్లాడుకుందాం" అంటాడు. సగం మంది తుడుస్తారు. మిగతా సగం నోరు మూసుకుంటారు. ఎటు చూసినా లాభమే.

ఆరు నెలలుగా మధ్యాహ్నాలు ఆ షెడ్డులోకి బుడంకాయ వస్తోంది. కూతురి కూతురు, ఐదేళ్ళది. కూతురు మందుల దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడుతుంది. అల్లుడు లారీ తోలుతాడు, సొంతింటికి చుట్టంలా వచ్చి పోతాడు. చిన్నపిల్లల బడి పన్నెండున్నరకే వదిలేస్తుంది కాబట్టి పిల్ల తాత వాటాకొచ్చింది. బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని, తాత ఏ బండికి ఏ పానా వేస్తున్నాడో చూస్తూ ఉంటుంది.

"తాతా, అది పన్నెండు" అంది ఒకరోజు, పాలాయన మోపెడ్ బోల్టు చూపించి.

పాలాయన నవ్వాడు. "ఏంటి తాతా, కొత్త మేస్త్రీని పెట్టావా?"

తాత గోడ మీంచి పన్నెండు నంబరు పానా తీసి పెట్టాడు. అతికినట్టు కూర్చుంది. "నీకంటే నయం. పదిహేనేళ్ళుగా దీన్ని తోలుతున్నావు, దీని నట్టు కొలతేంటో తెలుసా నీకు?"

ఇంత తెలివైన పిల్ల మీద బడి నుంచి చీటీ వచ్చింది. అంకెలు వరుసలో చెప్పడం లేదట, చిన్న పదాలు చదవడం లేదట. వచ్చే సోమవారం మళ్ళీ చూస్తారట. అప్పటికీ రాకపోతే మరో ఏడాది ఇదే తరగతి. పైతరగతి మేడ మీద ఉంటుంది. ముందు పళ్ళూడిన స్నేహితురాలితో కలిసి ఆ మెట్లెక్కడం బుడంకాయ జీవితాశయం. చీటీ సంగతి విన్న దగ్గర్నుంచి అది అన్నం ముద్ద బుగ్గలో పెట్టుకుని మింగడం మర్చిపోతోంది.

"ఐదేళ్ళ పిల్లకి పరీక్షేంటి? రేపేమైనా ఓడ నడపాలా?" అని తాత వారమంతా టీచరమ్మ మీద విరుచుకుపడ్డాడు. టీచరమ్మ అక్కడ లేదు కాబట్టి గొప్పగా వాదించాడు.

కూతురు బొమ్మల కార్డులు కొని, ఫ్రిజ్ మీద టైంటేబుల్ అంటించింది. ఆరింటికి అంకెలు, ఆరున్నరకు అక్షరాలు. ఏడింటికి ఏడుపు అని రాయలేదు గాని, అదొక్కటే రోజూ సమయానికి జరిగేది.

శుక్రవారం సాయంత్రం కూడా జరిగింది.

"ఏడు, ఎనిమిది... తర్వాత?"

"పది."

"తొమ్మిదేమైందే?"

"మనకి లేదుగా."

"లేకపోవడమేంటి? తొమ్మిది అందరికీ ఉంటుంది!"

"మనకి లేదమ్మా. ఎనిమిది, పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది. అంతే."

"చూశావా నాన్నా దీని పొగరు!"

తాతకు టీ గొంతులో అడ్డం పడింది. షెడ్డు గోడకు ఆరు మేకులు. వాటికి ఆరు పానాలు: ఎనిమిది, పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది. నలభై ఏళ్ళుగా ఆ వీధి బళ్ళన్నిటికీ ఆ ఆరే సరిపోయాయి. తొమ్మిది ఎవడో ఎరువు పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. పదకొండు ఆయన కొననే లేదు. పిల్ల ఏమీ మర్చిపోలేదు, ఉన్నదున్నట్టు అప్పజెబుతోంది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆయన మిగిలిన టీ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మాయ్, దాన్నేమీ అనకు. తప్పు దానిది కాదు."

"మరెవరిది?"

"నా గోడది."

విషయం విని కూతురు ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వు తప్పు ఒప్పుకోవడం పుట్టాక ఇదే చూడ్డం నాన్నా. క్యాలెండర్ మీద రాసి పెట్టుకోనా?"

"రాసుకో. ఈ రెండ్రోజులు పిల్లని నాకొదిలెయ్. ఆ కార్డులు కూడా ఇటివ్వు."

"దేనికి?"

"పెద్ద స్కూటరు స్టాండు ఊగుతోంది. కిందకి సరిగ్గా సరిపోతాయి."

శనివారం తాత బేరాలు వద్దనుకున్నాడు. పాత బల్ల చెక్క ఒకటి తీసి, నాలుగు వేళ్ళ ఎడంతో ఇరవై గుర్తులు పెట్టమని పిల్లకు సుద్దముక్క ఇచ్చాడు. గుర్తుకొక మేకు కొట్టి, పైన నల్ల రంగుతో అంకె వేశాడు. తర్వాత పాత వాషర్ల డబ్బా నేల మీద గుమ్మరించాడు. ఒకటో మేకుకు తీగలో ఒక వాషరు, రెండో మేకుకు రెండు. పిల్ల గుచ్చాలి, తాత తీగ కొస వంచాలి. లెక్క తప్పితే వంచడు. తప్పిందని చెప్పడు కూడా, తీగ తిరిగిచ్చేస్తాడంతే. పదమూడోది నాలుగుసార్లు తిరిగొచ్చింది. బుడంకాయ తాతను ముసలి పీత అని తిట్టి, అయిదోసారి గుచ్చింది. పొద్దు వాలేసరికి రెండు వందల పది వాషర్లు చెక్కకెక్కాయి. ఆరు పానాలు వాటి వాటి మేకులకు చేరాయి.

పిల్ల తొమ్మిదో తీగను అరచేతిలో ఎగరేసి చూసింది. "ఇది ఇక్కడుందా తాతా?"

"ఎప్పుడూ ఇక్కడే ఉంది. నేనే మేకు కొట్టలేదు."

ఆదివారం అక్షరాలు. ఆయన సుద్దతో మరమేకుల డబ్బా మీద మర అని, బీరువాలో అర అని, వాకిట్లో గడప అని, తాను నడుం వాల్చే మంచం మీద పడక అని రాశాడు. తలగడ మీద సుద్ద కనబడలేదని గ్రీజుతో రాశాడు. పిల్ల చదివింది గాని, దాని తల్లి చదివినప్పుడు గొంతు వీధి చివరిదాకా వినబడింది.

సోమవారం బళ్ళో ముగ్గురినీ పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టారు. తాత మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. టీచరమ్మ బల్ల మీద ఇరవై సీసా మూతలు పోసింది.

"లెక్కపెట్టమ్మా."

బుడంకాయ ఒక్కో మూతా పక్కకు జరిపింది. ఎనిమిది దాకా గడగడా వచ్చి ఆగింది. తల్లి కళ్ళు మూసుకుంది. ఒళ్ళో తాత వేళ్ళు, లేని తీగ కొసను వంచుతున్నాయి.

పిల్ల తర్వాతి మూత అందుకుని అరచేతిలో ఎగరేసింది. "తొమ్మిది" అంది. అక్కణ్ణుంచి ఇరవై దాకా ఊపిరి పీల్చుకోలేదు.

టీచరమ్మ ఒక కార్డు చూపించింది. పిల్ల ముక్కు దానికి ఆనించింది. "పడ... తాత పడుకునేది కాదిది. చివర్న వ. పడవ!"

"బాగుంది. మరి ఇరవై తర్వాత ఏమొస్తుంది?"

"దానికింకా మేకు కొట్టలేదు టీచర్."

టీచరమ్మ తాత వైపు చూసింది. ఆయన పైనున్న ఫ్యాను బోల్టు కొలత ఎంతో అర్జంటుగా అంచనా వేస్తున్నాడు. ఆవిడ పెదవి కొరుక్కుని, చీటీ మీద పైతరగతికి అని రాసి సంతకం పెట్టింది.

పిల్ల అక్కడికక్కడే మేడ మెట్లెక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది.

సాయంత్రం షెడ్డులో చెక్క మీద చోటు లేదు. గోడ మీద తాళ్ళు, ట్యూబులు. తాతా మనవరాలూ అటూ ఇటూ చూసి, చివరికి ఇద్దరూ షెడ్డు తలుపు వైపు తిరిగారు. కూతురు కౌంటరు నుంచి వచ్చేసరికి ఇరవై ఆరో మేకు దిగుతోంది.

"నాన్నా! ఇన్ని మేకులుంటే తలుపు మూసేదెలా?"

"ముప్పై కానీ, చూద్దాం" అన్నాడు తాత, నోట్లో మేకులతో.