దారి అడిగి పోయే మనిషి, ఓబులేసు మామ

ఓబులేసు మామ ఇక లేరు. పది రోజుల క్రితం, మిట్టమధ్యాహ్నం, లింగాల దగ్గర వంక దాటుతూ ప్రవాహానికి కొట్టుకుపోయారన్న దుర్వార్త పులివెందుల గోడౌన్‌లో నాకు ఫోన్‌లో అందింది. నేను నమ్మలేదు. "ఎవరో వేరే మనిషై ఉంటాడు, సరిగ్గా చూడండప్పా!" అని కసిరాను. నలభై ఏళ్లు ఈ జిల్లా దారులన్నీ తిరిగిన మనిషిని ఒక వంక మింగడమేమిటి?

ప్రొద్దుటూరులోని ఒక పార్శిల్ ఆఫీసులో ఆయన హమాలీల మేస్త్రి. డిగ్రీ చదివి బుకింగ్ క్లర్కుగా చేరిన నాకు పని నేర్పిన గురువు. అక్షరజ్ఞానం అంతంతమాత్రం. కానీ బట్టల బేళ్ల మీద షావుకార్లు వేయించే నీలిరంగు గుర్తు చూసి, అది ఏ అంగడిదో, ఆ సందులోకి బండి పోతుందో లేదో ఠక్కున చెప్పేవారు. ఊరి పేరు తప్పు రాశానని ఒకసారి అందరి ముందరా నన్ను ఉతికి ఆరేశారు. అది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది.

ఆయనకొక అనుల్లంఘనీయ నియమం. ఏ పల్లెకు సరుకు తీసుకుపోయినా ఊరి ముందరి టీ బంకు దగ్గర బండి ఆపి, "ముందర దారెట్లుందప్పా? వంక పారతాందా?" అని అడగనిదే కదిలేవారు కాదు.

"రోజూ పోయే దారే కదా మామా, మళ్లా అడిగేదేంది?" అని ఎగతాళి చేసేవాణ్ని.

"నిన్న చూసింది నిన్నటి దారి అల్లుడూ. పైన యాడో వాన పడితే ఈడ ఎండలోనే వంకొస్తాది. ఆ సంగతి ఆడుండే మనిషికి తెలుస్తాది గానీ నాకెట్ల తెలుస్తాది?" అనేవారు.

కాలం మారింది. జనం అంగడికి పోవడం మాని అరచేతిలోని ఫోన్‌లోనే కొనుక్కోసాగారు. బేళ్లు తగ్గాయి, ఇంటింటికీ చిన్న చిన్న పొట్లాలు మొదలయ్యాయి. పార్శిల్ ఆఫీసు మూతపడింది. పులివెందులలో ఆన్‌లైన్ సరుకుల గోడౌన్‌కు ఇన్‌చార్జిగా పోయిన నేను, జాలిపడి మామను డెలివరీ పనికి పిలిచాను. జాలి అన్నాను గానీ, దారులు తెలిసిన మనిషి అవసరం నాకే ఉండింది.

ఫోన్‌లో మ్యాప్ చూడడం ఆయనకు నేర్పింది నేనే. బండి ఎక్కడ ఆగినా నా కంప్యూటర్‌లో ఎర్రగా కనిపించేది, పైవాళ్లు నన్ను నిలదీసేవారు. ఒకనాడు ఓర్పు నశించి, పదిమంది ముందర ఆయన మీద విరుచుకుపడ్డాను.

"టీ బంకుల దగ్గర ముచ్చట్లేంది మామా? నీ వల్ల నాకు మాటొస్తాంది. దారి ఫోన్ చెప్తాది, ఇంగెవర్నీ అడగొద్దు! ఇంగోసారి ఆగితే పని ఇంగొకరికిస్తా."

ఆయన తల వంచుకుని, "సరేలే అల్లుడూ, నీకు మాట రానీనులే," అన్నారు. ఒకప్పుడు నన్ను నోరెత్తనివ్వని మనిషి ఆయన.

ఆ రోజు పులివెందులలో చినుకు లేదు. పైన కొండల్లో కుండపోత. ఫోన్ చూపిన అడ్డదారినే ఆయన పోయారు. "ఎప్పుడూ నిలబడి అడిగే మనిషి సార్. వంకొచ్చిందని చెబ్దామని చెయ్యెత్తితి. 'టైం లేదప్పా' అని ఎలబారిపాయె," అని వంక ముందరి టీ బంకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వంక అవతలి ఊరికి ఆయన తీసుకుపోతున్నది ఒక సెల్‌ఫోన్ కవరు. కొన్నవారికి రెండు రోజుల్లో అట్లాంటిదే ఇంకొకటి చేర్చాం.

రేపు మనిషి తోలని బండ్లు వస్తాయంటున్నారు, పొట్లాలు ఆకాశంలో ఎగిరి వస్తాయంటున్నారు. వస్తే రానీ. ఎదుటి మనిషికి తెలిసినది తనకు తెలియదని ఒప్పుకునే ఆ వినయం ఏ యంత్రానికి నేర్పగలం? ఆ మహానుభావుడి స్థానం శూన్యంగానే మిగిలిపోతుంది. ఆయనకు అంజలి ఘటించే అర్హత నాకు లేదని తెలిసే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మూడోనాడు ఆయన భార్య నారాయణమ్మత్త నా చెయ్యి పట్టుకుని, "అడగకుండా వంకలో దిగే మనిషి కాదే! ఆ పొద్దు యెందుకు అడగలేదప్పా?" అంది. తెలియదన్నాను.

అత్తా, అబద్ధమాడాను. అడగొద్దని చెప్పింది నేనే.