మూడో పిలుపు

సముద్రం మీద ఒట్టు. మా నాన్నా, అన్నా వేటకు పోయేది దాని మీదికే. దాని మీద అబద్ధపు ఒట్టు మా ఇంట్లో ఎవరూ పెట్టరు. నవ్వితే నవ్వండి... కానీ "కలగన్నావేమో" అని మాత్రం అనకండి. ఇప్పటికే చాలామంది అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను జర్మనీలో చదువుతున్నాను కదా. అక్కడ హిల్డా అనే పెద్దావిడ ఇంట్లో అద్దెకు ఉంటాను. కింద ఆవిడ ఒక్కతే. పైన నేను, ఎదురు గదిలో యోనాస్ అనే కుర్రాడు. నా పేరు పలకడానికి ఆవిడకు నోరు తిరగదు. జ్యోతి అనమంటే "యోతీ..." అని సాగదీస్తుంది. అప్పుడప్పుడూ సూప్ కాచి, మెట్ల కింద నిలబడి, చేతికర్రతో కింది మెట్టును టక్ టక్‌మని కొట్టి నన్ను పిలుస్తుంది. రెండుసార్లే. పలక్కపోతే వెళ్ళిపోతుంది. మూడోసారి పిలవనే పిలవదు.

ఎంత కోపం వచ్చేదో నాకు! మనిషి స్నానంలో ఉండొచ్చు, కునుకు తీస్తూ ఉండొచ్చు. ఇంకోసారి పిలిస్తే నోటి ముత్యాలు రాలిపోతాయా? మా అమ్మ అన్నానికి పిలిస్తే పక్క ఊరు వాకాడు దాకా వినపడుతుంది. జర్మనీలో అన్నీ ఇంతే. పక్క గది తలుపు తట్టాలన్నా ముందు మెసేజ్ పెట్టాలి. ఒకసారి యోనాస్ తెగ దగ్గుతుంటే తలుపు తట్టి, ఏమైనా తిన్నావా అని అడిగాను. దొంగను చూసినట్టు చూశాడు. నేను తింటే నీకెందుకు, తినకపోతే నీకెందుకు అన్నాడు. బాగుందా ఇది?

సరే... పోయిన వేసవి సెలవుల్లో ఇక్కడికి వచ్చాను. ఆ రాత్రి కరెంటు లేదు. నాన్నా అన్నా వేటకు పోయారు. నేనూ అమ్మా మిద్దె మీద పడుకున్నాం. ఆకు కదలడం లేదు. అలల చప్పుడొక్కటే...

అప్పుడు వినపడింది.

టక్... టక్.

మిద్దె మెట్ల దగ్గర. కింది మెట్టు మీద. కర్ర చప్పుడు. మా ఇంట్లో చేతికర్ర పట్టేవాళ్లే లేరు. మా కుక్క మొరగలేదు. లేచి నిలబడి, మెట్ల వైపు చూస్తూ... తోక ఊపింది.

"యోతీ..."

నోరు తెరిచానో లేదో, అమ్మ చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. అంటే అమ్మకూ వినపడింది!

"పలకబాక మే! మూడోసారి పిలిస్తేనే పలకాల. గాలీ దయ్యం అట్టాంటియ్యి మూడోసారి పిలవవు."

"అది హిల్డా గొంతు మా..."

"ఆయమ్మ ఈడికెట్టా వొస్తాది? గమ్మునుండు."

టక్... టక్. "యోతీ..."

ఈసారి సన్నగా. నేల మీద నుంచి వచ్చినట్టు. అమ్మ చేతికి పులుసు వాసన. మూడో పిలుపు కోసం చూశాను. చూశాను... రాలేదు. 

ఎలా వస్తుంది? హిల్డా మూడోసారి పిలవదు కదా!

అమ్మ చెయ్యి విదిలించుకుని కిందికి ఉరికాను. ఫోన్ లైటు వేసి చూశాను. ఎవరూ లేరు. ఇంటి ముందు ఇసుకలో కుక్క అడుగులు తప్ప ఒక్క అడుగు లేదు. మనకు పదిన్నర అంటే అక్కడ ఏడు. సూప్ వేళ. వెంటనే యోనాస్‌కు ఫోన్ చేశాను. కిందికి పోయి హిల్డా తలుపు తట్టు అన్నాను. 

వాడేమన్నాడో తెలుసా? "చెప్పకుండా తట్టడం బాగుండదు. రేపు మెసేజ్ పెడతాను" అన్నాడు!

ఇక నా నోటికి హద్దు లేదు. "చచ్చేవాళ్లు కూడా మెసేజ్ పెట్టి చావాలా?" అని తెలుగులోనే అరిచాను. వీధి వీధంతా లేచింది. అంతవరకు నన్ను పలకొద్దన్న అమ్మే వెనకాలే దిగొచ్చి ఫోన్ లాక్కుంది.

"నాయనా, నీకు పున్నెం ఉంటాది. ఆ తలుపొకసారి తట్టు నాయనా."

వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కదిలాడు. ఫోన్లో మెట్లు దిగే చప్పుడు... తలుపు తట్టాడు. ఏమీ లేదు. మళ్ళీ తట్టాడు. ఏమీ లేదు.

"రెండుసార్లు తట్టాను. పలకడం లేదు. వచ్చేస్తున్నా" అన్నాడు.

"మూడోసారి తట్టరా!" అని గొంతు చించుకున్నాను.

తట్టాడు. లోపల... చిన్న మూలుగు.

వంటింట్లో జారిపడిందట ఆవిడ. తుంటి విరిగి, లేవలేక అలాగే నేల మీద. తర్వాత ఆసుపత్రి నుంచి నాతో మాట్లాడింది. "ఆ నొప్పిలో నువ్వు ఊళ్లో లేవని గుర్తు రాలేదు యోతీ. కర్రతో నేలను కొట్టి నిన్నే పిలిచాను. రెండుసార్లు" అంది. పైనే ఉన్న యోనాస్‌కు ఏమీ వినపడలేదట.

"మూడోసారి ఎందుకు పిలవలేదు?" మంచం మీదున్న మనిషి మీద అరిచేశాను.

"రెండుసార్లకు పలకలేదంటే నీకు ఇష్టం లేదనేగా. ఇంకా పిలవడం మర్యాద కాదు" అంది.

మర్యాదట! ఇటు చూస్తే అమ్మ, మూడోసారి పిలవకపోతే మనిషే కాదంటుంది. ఎవరి మీద అరవాలి నేను? అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. "బతికుండే మనిషి గొంతు ఈడికెట్టా వొస్తాది? అది యేరే" అంటుంది.

అప్పటి నుంచి ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతున్నాను. అమ్మ తిట్టినా సరే. ఈ సెలవులకు మళ్ళీ ఇంటికి వచ్చాక, మొన్న రాత్రి కూడా మిద్దె మెట్ల దగ్గర నుంచి పిలుపు వచ్చింది. కర్ర చప్పుడు లేదు. "జ్యోతీ..." అని, సరిగ్గా మనవాళ్లు అన్నట్టే. ఒక్కసారే. "ఆఁ, వస్తున్నా" అన్నాను. 

కింద ఎవరూ లేరు. కుక్క మంచం కింద దూరి ఉంది. వెంటనే హిల్డాకు ఫోన్ చేశాను. హాయిగా సూప్ తాగుతోంది. నేను పిలవలేదే అంది.

మరి నేను ఎవరికి పలికినట్టు?