అతిథి మర్యాద

ఆ మధ్యాహ్నం బార్కస్ నుంచి చార్మినార్ వెళ్లే బస్సులో నా పక్కనున్న అమ్మాయి ఫోన్ మీంచి చూపు తిప్పలేదు. కొలిచిన నీళ్లే తాగాల్సిన డయాలసిస్ రోగుల ఇళ్లకు వెళ్లి, వివరాలు రాసే పరిశోధనలో శిక్షణ పొందుతోందట.

"ఏమైందమ్మా?" అన్నాను.

"మేం చూసే ఒక ముసలి బాబాకు దమ్మాడుతలేదంట అంకుల్, దవాఖానకు తీస్కపోయిన్రు. నిన్నటి సంది మేం ముగ్గురం ఒకరెనక ఒకరం ఆయనింటికి పోయినం. చాయ్ వద్దంటే బాధపడతడని తాగినం. ఇంటికొచ్చిన మెహ్మాన్‌ను ఒక్కల్నే తాగనియ్యొద్దని ఆయన గూడ ప్రతిసారి మాతోని తాగిండు."

ఫోన్ మోగింది.

"డయాలసిస్ మిషన్ మీద పెట్టిన్రా? మాట్లాడుతుండా?"

జవాబు విని, "మాట్లాడుతుండంట అంకుల్" అని గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత ఒళ్లోని ఆయన ఫారం తెరిచింది. ఒంట్లో నీళ్లు పెరగడానికి కారణం రాసే గడిలో, తను అంతకుముందు రాసిన 'రోగి మాట వినడు' కొట్టేసి, 'మేము' అని రాసింది.