ఎర్రగుడ్డ కట్టని దారి

ఆ రోజు తప్పు నాదే. కడియంలో మా నర్సరీలో, గులాబీ మొక్కల సంచుల మధ్య దారికి సాయంత్రం గడ్డిమందు కొట్టి, ఎర్రగుడ్డ కట్టకుండా ఇంటికి వచ్చేశాను.

మందు కొట్టినచోట కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టడం మా దగ్గర మందు పంపు పట్టే పెద్దాయన పెట్టిన అలవాటు. ఏళ్ల తరబడి ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఆయనే అన్ని మందులూ కొట్టాడు. మాస్కు కొనిపెట్టాలని తోచినప్పుడల్లా నేను వాయిదా వేశాను. ఆ వేసవిలో ఆయన కళ్లు పచ్చబడ్డాయి. రాజమండ్రిలో డాక్టరుగారు కాలేయం దెబ్బతిందని, ఇక పంపు ముట్టుకోవద్దని చెప్పి మాత్రలు రాశారు. వాటితోపాటు ఆయన భార్య, మా నర్సరీలో కలుపుగా మొలిచే నేల ఉసిరిని తెల్లవారకముందే పీకి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున ఇచ్చేది.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి ఆ దారిలో మట్టి తాజాగా పెళ్లగించి ఉంది. పక్కనే ఒక రెమ్మ పడి ఉంది. తిప్పి చూస్తే ఆకుల కింద ఆవగింజలంత కాయలు, నేల ఉసిరే. సైకిలెక్కి కాలవ గట్టంట వాళ్లింటికి తొక్కాను.

ఆమె రోలు దగ్గర ఉంది. గ్లాసు ఆయన చేతిలో ఉంది.

"తాగొద్దు బాబాయ్!" అని వాకిట్లోంచే అరిచాను.

"ఇంకా నోట పెట్టలేదండి. మీకూ ఓ గుక్క కావాలేంటి బాబూ? ఈ చేదుకంటే గడ్డిమందే నయవండి."

"అందులో ఉన్నది గడ్డిమందే. నిన్న ఆ దారికి నేనే కొట్టాను. గుడ్డ కట్టలేదు."

ఆమె గ్లాసు లాక్కుని దూరంగా పారబోసింది. "జొరవొచ్చినా గుడ్డ కట్టకుండా ఇంటికొచ్చేవోడు కాదండి ఈయన. ఒక్క ముడెయ్యడానికి మీకు చేతులు రాలేదేంటండీ?"

"ఊరుకోవే, పరిగెత్తుకొచ్చారు కదా."

"రాబట్టి బతికావు. రాకపోతేనో?"

 రోలూ పొత్రమూ సబ్బు పెట్టి నేనే కడిగాను. ఏ మందూ తగలని మా పెరట్లోంచి నేల ఉసిరి కోసుకొచ్చి ఇచ్చాను. ఆమె ప్రతి రెమ్మా వాసన చూసి మరీ తీసుకుంది.

వర్షాలు వెళ్లేసరికి ఆయన కళ్లు తెల్లబడ్డాయి. మాత్రల వల్లో ఆకు వల్లో నాకు తెలియదు. ఆకు శుభ్రంగా ఉండేలా చూడడం వరకే నా చేతిలో ఉంది. నర్సరీ మూల ఒక వరస సంచుల్లో నేల ఉసిరి వేశాను. కిడ్నీలకు మంచిదని ఆమె అంటే పక్కనే తెల్ల గలిజేరు కూడా వేశాను. "కలుపుక్కూడా సంచులేంటండీ?" అని మొక్కలకొచ్చే లారీవాళ్లు నవ్వేవారు. అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేవాణ్ని.

పెద్దాయన్ని మొక్కలకు అంట్లు కట్టే పనిలో పెట్టి, మాస్కు, గ్లౌజులు కొని పంపు నేనే పట్టాను. ముందు గుడ్డ కట్టి, తర్వాతే పంపు ఎత్తేవాణ్ని. ఆయన వచ్చి ముడి లాగి చూసి, "ఇంకాస్త బిగించండి బాబూ," అనేవాడు. నేను విప్పి, మళ్లీ కట్టేవాణ్ని.