చదివి సరిచూసుకున్నాను

నా నోరు మంచిది కాదని మా అక్కే అంటుంది. నిజమే, కాదనను. నేనే ఆమె స్థానంలో ఉంటే ఆ పెద్దసారుని పదకొండేళ్ళ క్రితమే నడివీధిలో కాలరు పట్టుకుని కడిగిపారేసేదాన్ని. మా అక్క అలాంటి మనిషి కాదు. గట్టిగా మాట్లాడదు, తలుపు దడాలున వేయదు. కోపం వస్తే బట్టలు మరికాస్త నీటుగా మడతపెడుతుంది. అందుకే ఆమెకి అంత కోపం ఉందని ఎవరూ కనిపెట్టలేదు. నాకు మాత్రం తెలుసు. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్క చొక్కా నలిగి ఉండగా నేను చూడలేదు.

అక్క విపత్తుల శిక్షణ సంస్థలో టైపిస్టు. ఆ సంస్థ గేటుకి ఎదురుగానే నా జిరాక్సు షాపు. వరదలనీ మంటలనీ తొక్కిసలాటలనీ చూసి తలపండిన అధికారులని సంస్థవాళ్ళు పిలిపిస్తారు. చల్లటి గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఆ సంభాషణలన్నీ పుస్తకంగా వేసి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి పాఠం చెబుతారు. ప్రశ్నలడిగే మేడమ్ చిన్నపిల్ల, ఈ ఊరికి కొత్త. మేమిద్దరం చాటుగా ఆమెని ప్రశ్నలమ్మ అనుకునేవాళ్ళం.

రికార్డయిన మాటలని కాగితం మీదికి దింపడం అక్క పని. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలికింద పెడలు. నొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. రూలు ప్రకారం ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. దగ్గితే దగ్గు, నవ్వితే నవ్వు, నోరు మూసుకుంటే ఎన్ని సెకన్లు మూసుకున్నాడో అదీ. ఆ కాపీ మాట్లాడిన సారుకి వెళుతుంది. నచ్చని మాట ఉంటే ఆయన కొట్టేసుకోవచ్చు. ప్రతి పేజీ అడుగున "చదివి సరిచూసుకున్నాను" అని అచ్చయి ఉంటుంది, దానికింద సంతకం పెట్టాలి. కానీ మన సార్లు తమ మాటల్ని తామే చదువుకోలేరు. నాలుగు మాటలకి మూడు "అదే మరి"లు. అందుకని అక్కే ముందుగా దులిపి, కడిగి, తలదువ్వి పంపేది. ఆ పుస్తకాల్లో అంత తెలివిగా కనిపిస్తున్నారే, ఆ తెలివిలో సగం మా అక్కది. ఒక్కడైనా థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు.

అయితే ఆ "చదివి సరిచూసుకున్నాను" అన్న వాక్యం ఉంది చూశారా, అది కనపడితే చాలు అక్కకి ఒళ్ళు మండేది. ఎందుకో చెబుతాను.

మా బావ అప్పట్లో నది గట్టు మీద సైరన్ ఆపరేటరు. రేకుల గది, గోడకి ఎర్రబటను, బల్లమీద ఫోను, కిటికీలోంచి చూస్తే నీళ్ళలో గీతలు గీసిన స్తంభం. నీళ్ళు తెల్లగీత దాటితే రాసుకోవాలి. పసుపుగీత దాటితే కంట్రోల్ రూముకి ఫోన్ చేయాలి. ఎర్రగీత దాటితే నీళ్ళు వీధుల్లోకే. పైనుంచి మాట వస్తేనే బటను నొక్కాలి. కంట్రోల్ రూములో ఆ మాట ఇవ్వాల్సిన మనిషే ఈ పెద్దసారు.

ఆరోజు పట్టపగలే నీళ్ళొచ్చాయి. బావ ఒకసారి కాదు, మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ "ఆగు" అన్నాడు ఆ పెద్దమనిషి. చివరికి కింది వీధిలోకి నీళ్ళు దూకడం కిటికీలోంచి చూసి, ఇక ఎవరినీ అడక్కుండా బావే బటను నొక్కేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. కింది వీధిలో ఏడుగురు పోయారు. వాళ్ళలో ఆ వీధి టైలరమ్మ వాళ్ళమ్మ కూడా ఉంది. ఆవిడ మంచంలోంచి లేవలేని మనిషి. టైలరమ్మ నడుంలోతు నీళ్ళలో దుకాణంనుంచి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది.

రెండోరోజు విచారణ. బావ నిద్రలేక, తిండిలేక, వణుకుతూ కూర్చున్నాడు. ఆయన చెప్పింది ఎవరో రాసుకున్నారు. ఎవరో టైపు చేశారు. "ఇదిగో, ఇక్కడ పెట్టు" అన్నారు. పెట్టాడు. వారం తర్వాత చూస్తే అందులో "నేను భోజనానికి వెళ్ళి ఆలస్యంగా తిరిగి వచ్చినందున సకాలంలో సైరన్ మోగించలేకపోయాను" అని ఉంది. కింద "చదివి సరిచూసుకున్నాను." దానికింద బావ సంతకం. గట్టు మీది ఫోన్ రిజిస్టరేమో వరదలో తడిసి పనికిరాకుండా పోయిందట. అదేం చిత్రమో, రిజిస్టర్లలో అదొక్కటే తడిసింది.

"నేను చదవలేదు సార్, పెట్టమంటే పెట్టాను" అని బావ అందరిముందూ మొత్తుకున్నాడు. అప్పుడు పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, "చదవకుండా సంతకం పెట్టేవాడి మాట ఎవడు నమ్ముతాడయ్యా?" అన్నాడు. గదంతా నవ్వింది. అక్క బయట వరండాలో నిలబడి ఆ మాటా, ఆ నవ్వూ వింది.

ఉద్యోగం పోయింది. బావ ఇంట్లోనే ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసుకుంటూ బతికాడు. మొదట్లో కనపడినవాళ్ళందరికీ "మూడుసార్లు చేశానండీ" అని చెప్పుకునేవాడు. కింది వీధివాళ్ళు ఆయనకి మూగసైరన్ అని పేరు పెట్టారు. ఆ పేరు విన్న దగ్గర్నుంచీ చెప్పుకోవడం కూడా మానేశాడు. టైలరమ్మయితే ఆయన ఎదురొస్తే రోడ్డు దాటి అవతలివైపు నడిచేది. నాకు ఆవిడమీద కోపం లేదు. తల్లి పోయిన మనిషి ఏమంటే మాత్రం ఏమనగలం?

అప్పట్లో అక్క ఒక ప్లీడరు దగ్గర టైపు చేసేది. శిక్షణ సంస్థలో టైపిస్టు కావాలన్న ప్రకటన పడగానే ఉన్న పని వదిలేసి ఇందులో చేరింది. "ఆ మాయదారి వరదల ఊసు మళ్ళీ ఎందుకే నీకు?" అని తిట్టాను. "అనుభవమున్న పెద్దలని పిలుస్తారటగా. ఏదో ఒకరోజు వాడినీ పిలవకపోరు" అంది. అదేదో పక్కింటికి వెళ్ళొస్తానన్నంత మామూలుగా అంది.

తొమ్మిదేళ్ళు పట్టింది. పెద్దసారు రిటైరయ్యాడు, సన్మానాలు చేయించుకున్నాడు, ముందుజాగ్రత్తల మీద ఊరూరా ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఒక మంగళవారం ప్రశ్నలమ్మ ముందు కూర్చుని రెండు గంటలు మాట్లాడి, టీ తాగి వెళ్ళాడు. బుధవారం ఆ గొంతు అక్క చెవుల్లోకి వచ్చింది.

ఆ మధ్యాహ్నం అక్క నా షాపుకొచ్చి, నాలుగు కాగితాలు నా చేతిలో పెట్టింది.

"చదువు" అంది.

అందులో ఇలా ఉంది.

"మీ సర్వీసులో అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఏది సార్?"

"ఆపడం అమ్మా. ఏదో ఒకటి చేసేయడమే గొప్పనుకుంటారు అందరూ. ఆపడం తెలియాలి. ఒకసారి, అదే మరి, కొత్త వంతెన ప్రారంభం. వంతెనమీద నాలుగువేలమంది జనం, స్టేజీమీద పెద్దవాళ్ళు. గట్టుమీదనుంచి సైరన్‌వాడు ఒకటే ఫోన్లు. పసుపుగీత దాటింది సార్, మోగించనా అని. ఆగు అన్నా. మళ్ళీ చేశాడు. ఆగవయ్యా అన్నా. మూడోసారి ఎర్రగీత అన్నాడు. నేను చెప్పకుండా బటన్‌మీద చెయ్యేశావంటే నీ ఉద్యోగం ఉండదు అన్నా. (నవ్వు – మూడు సెకన్లు) అక్కడ సైరన్ మోగితే ఇంకేముంది, తొక్కిసలాట. నలభై నిమిషాలు ఆపి, ముందు పెద్దవాళ్ళ కార్లు పంపించి, జనాన్ని మెల్లగా దింపేశా. వంతెనమీద ఒక్క ప్రాణం పోలేదు."

"మరి కింద, సార్?"

"(మౌనం – రెండు సెకన్లు) కింద సంగతి వేరమ్మా. అది సైరన్‌వాడి నిర్లక్ష్యం. విచారణలో తేలింది."

నాకు పూనకం వచ్చినంత పనైంది. "ఛీ, వీడి నోట్లో మన్నుపడ! నవ్వాడా? నవ్వాడటే అక్కా! ఇందులో ఇంకో రెండు ముక్కలు కలుపు. నేనే చంపాను అన్నాడని కొట్టు. ఎవడు చూడొచ్చాడు?"

"ఒక్క అక్షరం కలిపినా తప్పించుకుంటాడు" అంది అక్క. "వాడన్నది వాడన్నట్టే ఉండాలి. అప్పుడెక్కడికి పోతాడు?"

"మరి కొట్టేసుకుంటేనో?"

"చదివితేగా కొట్టేసుకునేది."

ఈసారి అక్క దులపలేదు, తల దువ్వలేదు. అన్ని "అదే మరి"లతో, అన్ని దగ్గులతో నలభైఒక్క పేజీలు తయారుచేసింది. ఆ పేజీలకి కుట్టు వేసింది నేనే. ఈ కథలో నా పాత్ర అంతే, కానీ అంత గట్టి కుట్టు నా జన్మలో వేయలేదు. నవ్వు ఇరవైమూడో పేజీలో ఉంది.

పెద్దసారు సంతకాలకి వచ్చిన రోజు బైండింగు కాగితాలు ఇచ్చే వంకతో నేనూ లోపలికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అక్క ఎదురుగా కూర్చుని పేజీలు తిప్పుతోంది. ఆయన ఆమె మొహంకేసి చూడనేలేదు. టైపు కొట్టేవాళ్ళ మొహాలు ఎవరు చూస్తారు లెండి.

"ఒకసారి చదివి చూసుకోండి సార్" అంది అక్క.

"చదవడానికేముందమ్మా, మాట్లాడింది నేనే కదా!" అని గలగలా నవ్వి పెన్ను తీశాడు.

పదో పేజీ దగ్గర ఇంకోసారి అంది. "నచ్చనివి కొట్టేసుకోవచ్చు సార్."

"నా మాటలు నాకు నచ్చకపోవడమేమిటి?"

ఇరవైమూడో పేజీ వచ్చింది. ఆయన చెయ్యి ఆగింది. కాగితంమీదికి వంగాడు. అయిపోయింది, చూసేశాడు అనుకున్నాను. తీరా చూస్తే పెన్ను రాయడం లేదు. రెండుసార్లు విదిలించాడు. అక్క తన పెన్ను తీసి, మూత విప్పి, ఆయన చేతిలో పెట్టింది.

"ఈ బ్రాకెట్లేమిటమ్మా?"

"మీరు నవ్వినచోట నవ్వు అని పెట్టాం సార్."

"బాగుంది, బాగుంది. సహజంగా ఉంటుంది" అని సంతకం పెట్టాడు. చివరి పేజీ దగ్గర అక్క మూడోసారి చదవమంది. ఆయన వాచీ చూసుకుని లేచాడు. మూడుసార్లు చెప్పింది మా అక్క. బావ కూడా ఆరోజు మూడుసార్లే చెప్పాడు.

పుస్తకం అచ్చయింది. ఆవిష్కరణ శుక్రవారం పదిన్నరకని కార్డులు వేశారు. బుధవారం అక్క కింది వీధికి వెళ్ళి, ఒక పుస్తకం తెరిచి టైలరమ్మ కుట్టుమిషను మీద పెట్టింది. టైలరమ్మ కాలు ఆగింది కానీ తల ఎత్తలేదు.

"ఈ పేజీ చదువు" అంది అక్క. "చదివాక నాతో మాట్లాడకపోయినా సరే. ఎల్లుండి మీటింగులో ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చట."

శుక్రవారం హాలు నిండింది. ముందు వరుసల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నోటుపుస్తకాలతో కూర్చున్నారు. వెనక వరుసలో బావ, ఇస్త్రీ చొక్కాలో, రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని. రానంటే అక్కే లాక్కొచ్చింది. రికార్డరు దగ్గర అక్క. పెద్దసారు మెడలో దండతో ముప్పావుగంట దంచాడు. హెచ్చరిక సకాలంలో అందడమే సగం రక్షణ అన్నాడు. ఆ మాటని ఆ నోటితో ఎలా అనగలిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"ప్రశ్నలుంటే అడగండి" అన్నాడు.

మధ్యవరుసలోంచి టైలరమ్మ లేచింది. ఆమె పక్కన, వెనక, కింది వీధివాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. పుస్తకం తెరిచి, ఆ పేజీ గట్టిగా చదివింది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. నవ్వు, మూడు సెకన్లు అని కూడా చదివింది.

"ఆ నలభై నిమిషాల్లో నేను మా అమ్మని భుజానేసుకుని మూడు వీధులు దాటించేదాన్ని సార్" అంది.

పెద్దసారు మెడలో దండ సర్దుకున్నాడు. "అదీ... నేనలా అనలేదమ్మా. టైపులో ఏదో తప్పు పడింది."

ప్రశ్నలమ్మ బల్లమీది ఫైలు తిప్పి చూసింది. "కింద మీ సంతకం ఉంది సార్. చదివి సరిచూసుకున్నానని."

"అబ్బా, నేను చదవలేదమ్మా! అన్ని పేజీలు ఎవరు చదువుతారు? పెట్టమంటే పెట్టాను!"

అక్క లేచి నిలబడింది. నా జన్మలో మా అక్క గొంతు అంత గట్టిగా విన్నది అదొక్కసారే.

"చదవకుండా సంతకం పెట్టేవాడి మాట ఎవడు నమ్ముతాడు సార్?"

ఆయన తిరిగి చూశాడు. అక్క మొహాన్ని మొదటిసారి చూశాడు. ఆ మాట తనదేనని గుర్తొచ్చినట్టుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"సైరన్‌వాడి భార్యని."

హాల్లో చీమ చిటుక్కుమనలేదు. టైలరమ్మ కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ వెనక వరుసకి వచ్చింది. బావ ముందు ఆగింది.

"అన్నా, ఎన్నిసార్లు చేశావు ఫోను?"

బావ తల ఎత్తాడు. "మూడుసార్లమ్మా" అన్నాడు.

"మూడుసార్లు!" అంది ఆమె, వేదికకేసి తిరిగి, హాలంతా వినపడేలా. ఆ తర్వాత బావ పక్క కుర్చీలో కూలబడి ఏడ్చింది. బావా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమిటి. అక్క మాత్రం ఏడవలేదు. వేదికమీది మనిషినే కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది. ఆయన దండ తీసి బల్లమీద పెట్టి, పక్క తలుపులోంచి వెళ్ళిపోయేదాకా చూసింది.

విచారణ ఫైలు మళ్ళీ తెరిపించమని టైలరమ్మ, బావ కలిసి అర్జీ పెట్టారు. దాన్ని టైపు చేసింది అక్కే. బావ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం రెండుసార్లు చదివాకే సంతకం పెట్టాడు.

సోమవారం అక్క ఆ మీటింగు రికార్డు పెట్టుకుని పనిలో కూర్చుంది. "సైరన్‌వాడి భార్యని" అన్న మాట దాకా కొట్టింది. ప్రశ్నలమ్మ వెనక నిలబడి చూస్తోంది.

"ఇక్కడంతా ఖాళీయే కదండీ, తీసేద్దామా?" అంది మెల్లగా.

అక్క పెడలుమీద కాలు ఉంచి, లెక్కపెట్టుకుంటూ చివరిదాకా వింది. తర్వాత కొట్టింది: (పెద్దసారు మౌనం – ముప్ఫైఎనిమిది సెకన్లు).

"ఒక్క సెకను కూడా తీసేది లేదు" అంది.