కట్టెలతో కరెంటు తీసిన మా మావగారు

మా మావగారు పోయారు. పోయిన నెల ఓ మంగళవారం పొద్దున్నే కాఫీ తాగి, పడక్కుర్చీలో పేపరు చదువుకుంటూ, "కరెంటు పోయిందేంటే?" అని మా అత్తగారిని అడిగారట. "పోలేదుగా, నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది" అని ఆవిడ వంటింట్లోంచి జవాబిచ్చింది. మారు మాట రాకపోయేసరికి వచ్చి చూస్తే పేపరు ఒళ్ళోకి జారిపోయి ఉంది. రెండు వీధుల అవతల ఉన్న మేము పరుగెత్తుకెళ్ళేసరికి డాక్టరు చెయ్యి వదిలేసి లేచి నిలబడ్డాడు.

మా ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కానీ ఏం చెప్పమంటారు, పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ ఆయన గురించి ఏదో ఒకటి చెప్పి మమ్మల్ని నవ్వించి పోయాడు. పెద్దకర్మ నాటికి అది చావింటిలా లేదు. అందుకే ఈ నాలుగు మాటలూ నవ్వుకుంటూనే రాస్తున్నాను.

ఆయన కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పామర్రు, కూచిపూడి చుట్టుపక్కల కరెంటు పోయిందంటే జనానికి పైనున్న పెద్దలు కనపడరు కదా, ఈయనే కనపడేవారు. సంతకు వెళితే తిట్టేవారు, బస్సెక్కితే తిట్టేవారు. నా పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకు కరెంటు పోయింది. "కరెంటాయన ఇంటి పెళ్ళిలోనే కరెంటు లేకపోతే ఇక మా బతుకులేంటయ్యా!" అని మా పెదనాన్న పందిరి ఎగిరిపోయేలా అరిచాడు. ఈయన అందరికీ చెప్పినట్టే మా పెదనాన్నకూ చేతులు జోడించి, "అరగంటలో వచ్చేస్తుందండీ" అన్నారు. అది రాలేదు. లాంతరు వెలుగులో తాళి కట్టాను.

ఒకసారి, రిటైరయ్యే ముందనుకుంటాను, నాతో అన్నారు: "అల్లుడు గారూ, అరగంటలో వస్తుందన్నది నా మాట కాదండీ. పైవాళ్ళు ఫోనులో చెప్పేది, నేను జనానికి చెప్పేది. ముప్ఫయ్యేళ్ళ నుంచి వేరేవాళ్ళ మాటకి నేను మాట పడుతున్నాను. ఒక్కసారన్నా నా సొంత మాట ఒకటి చెప్పి నిలబెట్టుకోవాలండీ." ఈ వయసులో ఇదేం కోరికరా బాబూ అనుకున్నాను.

అవి తొంభైల చివరి రోజులు. పామర్రులో నాకో పిండిమర ఉంది. ఎండలు ముదిరితే పగటి కరెంటుకు దిక్కుండేది కాదు. ఆడవాళ్ళు పప్పు డబ్బాలూ మిరపకాయల సంచులూ వరసలో పెట్టి, నన్నూ కరెంటునూ కలిపి తిట్టి ఇళ్ళకు పోయేవారు. అప్పుడు మావగారు విజయవాడలో ఏదో ప్రదర్శన చూసి వచ్చి, మర ముందు బల్ల మీద కూర్చుని, "కట్టెలతో కరెంటు తీద్దామండీ" అన్నారు.

"వంట చేసుకునే కట్టెలతోనా?"

"నా చిన్నప్పుడు యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బందరు నుంచి బెజవాడకి బొగ్గు బస్సులు తిరిగాయి. నేనూ ఎక్కాను. బస్సు వెనకాల పీపా, పీపాలో నిప్పు. క్లీనరు చక్రం తిప్పి ఊదితే బండి కదిలేది. కాలవ వంతెన ఎక్కాలంటే మాత్రం జనం దిగి తోసేవాళ్ళనుకోండి."

"అయితే మన మరను కూడా జనం తోయాలాండీ?"

"మీరు నోరు కాస్త కట్టేసుకుంటే చాలు. అదే నడుస్తుంది."

అన్నంత పనీ చేశారు. విజయవాడ ఆటోనగర్‌లో నెల రోజులు కాపురం పెట్టినట్టుగా తిరిగి, మనిషెత్తు ఇనప పీపా ఒకటి చేయించారు. దానికి గొట్టాలు, గ్యాసు చల్లబడటానికి నీళ్ళ తొట్టి, మసి వడకట్టడానికి రంపపు పొట్టు నింపిన డబ్బా. పాత కారు ఇంజను ఒకటి కొని, పెట్రోలు పోసే సరంజామా అంతా పీకించేసి, ఈ గొట్టం తగిలించారు. ఇంజను పక్కన డైనమో. కట్టె పూర్తిగా మండితే బూడిదే మిగులుతుంది. గాలి తగ్గించి సగం సగం మండిస్తే మండే గ్యాసు వస్తుంది, ఇంజను దాన్నే తాగి తిరుగుతుంది. ఇది నా మాటల్లో. ఆయన మాటల్లో అయితే, "నిప్పుని అర్ధాకలితో ఉంచాలండీ. కడుపు నిండిందా, బూడిదై పడుకుంటుంది."

"ఆ సూత్రం తమరికి కంచం ముందు ఎందుకు గుర్తుకురాదో!" అనేది మా అత్తగారు.

ఆ ఇద్దరికీ అసలు యుద్ధం డాబా మీద. కట్టె పచ్చిదైతే గ్యాసు బదులు తారు దిగుతుంది, ఇంజను పట్టేస్తుంది. అందుకని జానెడేసి తుమ్మ ముక్కలు కొట్టించి ఎండబెట్టేవారు. ఆవిడకు అదే ఎండ వడియాలకు కావాలి, ఊరమిరపకాయలకు కావాలి. ఈయన పొద్దున్నే వెళ్ళి వడియాల బట్టను మెల్లగా పిట్టగోడ నీడలోకి లాగేవారు. ఆవిడ మధ్యాహ్నం వెళ్ళి కట్టెల్ని కాలితో ఓ మూలకు తోసేది. "చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు" అని మెట్లు దిగుతూ ఊరందరికీ వినపడేట్టు గొణిగేది. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కను. ఎవరి వైపు మాట్లాడినా ఆ పూట నాకు అన్నంలోకి మజ్జిగే.

యంత్రం మీద పందిరే గానీ గోడలు కట్టనివ్వలేదు. వానకు తడుస్తుందండీ అంటే, "ఈ గ్యాసుకి వాసన ఉండదు అల్లుడు గారూ. నాలుగు గోడల మధ్య పీల్చారంటే నిద్రపోయినట్టే పోతారు. నా కూతురికి నేను సమాధానం చెప్పుకోలేను" అన్నారు. నా మీద ప్రేమ కాదు, చూశారా! తొట్టిలో నల్లబడిన నీళ్ళను కూడా కాలవలోకి వదలనిచ్చేవారు కాదు. గొయ్యి తవ్వించి అందులోనే ఇంకబెట్టేవారు.

అన్నిటికన్నా ఆయన ప్రాణం పీపా అడుగున ఉండే బొగ్గు మీద. రోజూ పని అయ్యాక కొంత బొగ్గును లోపలే ఉంచి గాలి చొరకుండా మూసేసేవారు. మర్నాడు ఆ బొగ్గు ఎర్రబడి, పైనుంచి దిగే పొగ దానిలోంచి వస్తేనే మంచి గ్యాసు. "పాలకి తోడు ఎంతో దీనికి బొగ్గు అంత" అనేవారు. దేవుడి సాక్షిగా, మర నడిచింది. కరెంటు పోయినా పిండి పడింది. పక్కూళ్ళ నుంచి కూడా డబ్బాలు వచ్చాయి.

ఇప్పుడా యంత్రం లేదు. తుమ్మకట్టె ప్రియమైంది, కరెంటు కాస్త బాగుపడింది, ఆటోనగర్ నుంచి వచ్చింది ఆటోనగర్‌కే పాత ఇనుముగా పోయింది. ఆయనేమీ బెంగ పెట్టుకోలేదు. ఆయనకు కావలసింది అప్పటికే దక్కింది. అది ఎలా దక్కిందో చెబుతాను.

మా మర పక్క స్థలంలో కట్టెల అడితి. అడితి సాయిబుగారే మాకు కట్టె ఇచ్చేది. ఆయన కూతురు చిన్నప్పటి నుంచీ స్కూలు నుంచి వస్తూ మర దగ్గర ఆగి, "తాతయ్యగారూ, నేను చక్రం తిప్పుతా" అని గాలి ఊదే చక్రం తిప్పి, మొహమంతా మసి చేసుకుని ఇంటికి పోయేది. ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది. నిఖా అడితి పక్కనే ఉన్న వాళ్ళింటి ముందే, విజయదశమి మర్నాటి సాయంత్రం. సాయిబుగారు షామియానా వాళ్ళ దగ్గర జనరేటరు మాట్లాడబోతే మావగారు అడ్డం పడ్డారు.

"జనరేటరు వద్దు సాయిబుగారూ. ఆ రోజు కరెంటు పోయినా మీ పందిట్లో పోదు. ఇది ఆఫీసు మాట కాదు, నా మాట."

సాయిబుగారు, "మీరంటే ఇక చాలండీ ఇన్‌స్పెక్టరు గారూ" అన్నారు.

దసరా రోజు ఇంజనుకు కొత్త బెల్టు కోసం నేనూ మావగారూ విజయవాడ వెళ్ళాం. సాయంత్రం తిరిగొచ్చేసరికి యంత్రం తళతళలాడిపోతోంది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఆయుధ పూజ కదా! పక్కన మా అత్తగారు కొంగు బిగించి, మొహం వెలిగిపోతూ నిలబడి ఉంది.

"ఇన్నేళ్ళ మసి! ముట్టుకోబుద్ధేసేది కాదు. రేపు పిల్ల పెళ్ళికి వెలుగిచ్చేది మురికిగా ఉండకూడదని పైనా కిందా తోమించాను. లోపల బొగ్గు చెత్తంతా ఎత్తి దిబ్బలో పోయించి, పైపు పెట్టి శుభ్రంగా నీళ్ళు కొట్టించాను."

మావగారు పీపా చుట్టూ ఒకసారి తిరిగారు. లోపలికి తొంగి చూశారు. "బాగుందే. పెళ్ళికూతురిలా ఉంది" అన్నారు. ఆవిడ మురిసిపోతూ ఇంటికెళ్ళింది. ఆవిడ వీధి మలుపు తిరిగాక నా భుజం పట్టుకుని, "అల్లుడు గారూ, కొంప మునిగింది" అన్నారు.

మర్నాడు పొద్దుట్నించీ బొగ్గు వేట. ఇస్త్రీ బండి అతను దోసెడు ఇచ్చాడు, హోటలు వాళ్ళు ఇంకాస్త ఇచ్చారు. పీపా లోపలి మట్టి పూత నీళ్ళు తాగి తాగి ఉంది. ఎంత రాజేసినా తెల్లటి ఆవిరి తప్ప గ్యాసు లేదు. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. షామియానా వాళ్ళ దగ్గరికి పరుగెత్తాను. పండగ, పెళ్ళిళ్ళు, ఒక్క జనరేటరూ ఖాళీ లేదు. విషయం తెలిసి మా అత్తగారు, "నా చేతులు విరిగిపోనూ!" అని అక్కడే బొగ్గుల్లో కూలబడింది.

"పెళ్ళికూతురిలా ఉందన్నారేంటండీ నిన్న? తిట్టచ్చు కదా!"

"ఉంది కాబట్టి అన్నాను. లే, చీర పాడవుతుంది."

పొద్దు వాలింది. పెళ్ళివారు దిగారు. నిఖా మొదలవబోతుండగా ఎవరో స్విచ్చి నొక్కినట్టు ఊరంతా చీకటి. పందిట్లో గోల. "ముందే చెప్పాం, ఆ పీపాను నమ్ముకోవద్దని" అన్నాడొకడు. సాయిబుగారు మా పందిరి దాకా వచ్చారు. పీపా వైపు చూసి, మావగారి వైపు చూసి వెనక్కి తిరిగారు. అంతకన్నా ఆ పెద్దమనిషి చెప్పుచ్చుకుని కొట్టినా బాగుండేది. మావగారి పెదవులు కదిలాయి. పాత 'అరగంట' మాట బయటికి రాబోయిందేమో, మింగేశారు.

అప్పుడు లేచింది మా అత్తగారు. ఇనప గమేళా పుచ్చుకుని సరాసరి బిరియానీ డేగిశాల దగ్గరికి నడిచింది. పొయ్యిల్లో తుమ్మ బొగ్గు కణకణలాడుతోంది, మూతల మీద కూడా కుప్పలుగా పోసి ఉంది.

"ఆ నిప్పు నాకివ్వు నాయనా."

"తీస్తే దమ్ పోతుందమ్మా! వచ్చినోళ్ళు పచ్చి బియ్యం తినాల!" అన్నాడు వంట మేస్త్రీ.

"ఎంతసేపు పడుతుంది?"

"మూత పక్కన వాసన రావాల."

ఆవిడ ఆ సెగలోనే, డేగిశా పక్కన గొంతుక్కూర్చుంది. చుట్టూ జనం గోల పెడుతున్నారు, ఆవిడ మాత్రం ముక్కుతో ఆ మూతనే కాపలా కాసింది. కాసేపటికి, "వచ్చింది. వాసన వచ్చింది. కాదంటావా?" అంది. మేస్త్రీ వంగి ముక్కు పెట్టి చూసి, "ముప్ఫై డేగిశాలు దింపినదానిలా చెప్పావమ్మా" అని తనే పార తీశాడు. గమేళాల నిండా నిప్పులు వచ్చాయి. ఎర్రటి బొగ్గు పీపా అడుగున పడేసరికి లోపలి తడి బుస్సుమని లేచింది. నేను గాలి చక్రం తిప్పుతున్నాను. మావగారు గొట్టం చివర అగ్గిపుల్ల చూపించారు. ఆరిపోయింది. ఇంకోటి. ఆరింది. మరోటి చూపిస్తే నీలంగా ఓ మంట నిలబడింది.

ఇంజను అందుకుంది. సాయిబుగారి పందిట్లో బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. ఊరంతా చీకట్లో ఆ ఒక్క పందిరి! పిల్లలు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా అత్తగారు బొగ్గు చేతులతోనే నన్ను కావలించుకుని, నా పట్టు లాల్చీ కాస్తా తగలేసింది.

నిఖా చదివారు. భోజనాలు సాగుతుండగా సాయిబుగారు రెండు పళ్ళాలు పట్టుకొచ్చి, ఒకటి మావగారికిచ్చి ఇంజను పక్కనే చతికిలపడ్డారు. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఇద్దరూ అరుచుకుంటూ, నవ్వుకుంటూ తిన్నారు. ఇంతలో వీధి దీపాలు వెలిగాయి.

"కరెంటు వచ్చిందండీ. ఇక దానికి మార్చేద్దామా?" అన్నాను.

"ఎందుకూ? ఇది పోలేదుగా" అన్నారు మావగారు.

అప్పగింతలయ్యేదాకా అలాగే నిలబడ్డారు. గ్యాసు గొట్టం కుళాయి మీద చెయ్యి తీయలేదు. పెళ్ళికూతుర్ని ఎక్కించుకున్న కారు బయల్దేరి, మా పందిరి ముందుకొచ్చి ఆగింది. అద్దం దిగింది. ఏడ్చి ఏడ్చి ఉన్న ఆ పిల్ల మొహం బయటికి పెట్టి, ఇంజను చప్పుడు మీంచి గట్టిగా అరిచింది.

"తాతయ్యగారూ! నేను వెళ్ళొస్తాను. ఇక కరెంటు ఆపెయ్యండి, పొద్దుట్నించీ నిలబడే ఉన్నారు!"

మావగారు నా వైపు తిరిగారు. "విన్నారా అల్లుడు గారూ? ఆపెయ్యమంటోంది. నన్ను... కరెంటు ఆపెయ్యమంటోంది" అన్నారు.

కారు మలుపు తిరిగేదాకా ఆపలేదు. తర్వాత మెల్లగా ఆ కుళాయి బిగించారు. ఇంజను ఒక్కో ఊపిరీ తగ్గించుకుంటూ వచ్చింది. పందిట్లో బల్బులు పసుపుగా, ఆపైన ఎర్రగా మారి, వెంట్రుకంత తీగ మాత్రం కనపడేదాకా వెలిగాయి. ఆ వెలుగులో ఆయన, కారు వెళ్ళిన వైపే చూస్తూ, మసి చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. మొహమంతా నల్లగా అయిపోయింది. నవ్వుతున్న పళ్ళు ఒక్కటే తెల్లగా కనపడుతున్నాయి.